గొడ్డు కుంటుతోందా? ముందు గిట్టల సందు చూడండి

వానలు పడ్డాయంటే చాలు, పాడి ఉన్నవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే రకం ఫొటోలు. వాచిన కాలు, కింద బురద, "అన్నా, దీనికి ఏం రాయాలి?" అని ప్రశ్న. దాని కింద వరసగా సలహాలు: ఫినాయిల్ పొయ్యి, కాలిన ఇంజిన్ ఆయిల్ రాయి, కిరోసిన్‌లో గుడ్డ ముంచి గట్టిగా కట్టు. డాక్టర్‌కి చూపించావా, జ్వరం ఉందా అని అడిగేవాడు ఒక్కడు కనపడడు.

మాది కైకలూరు వైపు. చుట్టూ చేపల చెరువులు, మధ్య మధ్య వరి, గట్ల మీద గేదెలు. జులై నుంచి నవంబర్ దాకా గొడ్డు కాలు పూర్తిగా ఆరే రోజు ఉండదు. గేదెలకీ వస్తుంది గానీ, గిట్టల కుళ్ళు నేను ఎక్కువగా చూసింది జెర్సీ, హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) లాంటి విదేశీ జాతులతో కలిపిన క్రాస్ ఆవులకే.

దీన్ని తెచ్చే సూక్ష్మజీవుల్లో ముఖ్యమైనది ఫ్యూజోబ్యాక్టీరియం నెక్రోఫోరం. ఎక్కడి నుంచో ఎగిరి రాదు, గొడ్డు పేగుల్లోనే ఉంటుంది, పేడతో బయటికొచ్చి సావిడి నేలలో ఉండిపోతుంది. కానీ చర్మం బాగున్నంత కాలం లోపలికి పోలేదు. నాట్లు వేసే రోజుల్లో మన కాలివేళ్ళ సందులు నాని ఒరుసుకుపోయినట్టే గొడ్డుకీ రెండు గిట్టల మధ్య చర్మం మెత్తబడుతుంది, అప్పుడు వరి కొయ్యకాళ్ళో, చెరువు గట్టు మీద నత్తగుల్లలో, సర్కారు తుమ్మ ముల్లో చిన్నగా గీరితే చాలు, అదే దారి. పైగా ఇది గాలి తగలని చోటే బాగా పెరిగే రకం. కాబట్టి గుడ్డ బిగించి కట్టేస్తే దానికి మనమే తలుపు వేసి కాపలా కాసినట్టు.

చాలామంది తప్పులో కాలేసేది గుర్తుపట్టడం దగ్గరే. నిన్న సాయంత్రం దాకా బాగున్న ఆవు పొద్దున్నే కాలు మోపలేక కుంటుతుంది. వాపు గిట్టకి పైన, చుట్టూ రెండువైపులా సమంగా ఉంటుంది, రెండు గిట్టలూ ఎడంగా విచ్చుకుంటాయి. మామూలుగా 101 నుంచి 102 డిగ్రీల దగ్గర ఉండే ఒంటి వేడి 103, 104కి పోతుంది. మేత తగ్గుతుంది, పాలు తగ్గుతాయి.

కాలు ఎత్తి చూడనిదే ఏమీ తేలదు. పశువుల ఆసుపత్రిలో ఇనప బోను ఉంటే సరే, లేకపోతే తల పొట్టిగా కట్టేసి, ఒకరు తల దగ్గర నిలబడి, ఇంకొకరు కాలికి మెత్తటి తాడు వేసి ఎత్తాలి. ముందు బకెట్ నీళ్ళతో బురద పోయేదాకా కడగండి. గిట్టల సందులో పేడ గట్టిపడి బిళ్ళలా ఉంటుంది, దాన్ని వేలితో కాదు, గుడ్డని తాడులా మెలిపెట్టి సందులో అటూ ఇటూ లాగితే వచ్చేస్తుంది. అప్పుడు కనపడుతుంది అసలు సంగతి: మధ్యలో నిలువునా చిట్లిన చర్మం, అంచులు తెల్లగా నానిపోయి, లోపల పసుపుపచ్చని కుళ్ళిన పొర, చీము మాత్రం పెద్దగా ఉండదు. ఇక ఆ వాసన. ఒకసారి పీల్చినవాడు మళ్ళీ ఎవరినీ అడగక్కర్లేదు, చేతులు రెండుసార్లు సబ్బుతో కడిగినా అన్నం ముందు కూర్చుంటే గుర్తొస్తుంది.

వాపు ఒక గిట్ట వైపే ఉండి, సందు శుభ్రంగా ఉంటే అది వేరే జబ్బు. అరికాల్లో చీము గడ్డో, మేకో దిగి ఉండొచ్చు, దానికి గిట్ట చెక్కి చీము తీయాలి గానీ సూదులు పొడిపించి లాభం లేదు. మడమ వెనక ఎర్రగా పచ్చి పుండు ఉంటే అది ఇంకొకటి, దానికి పైపూత మందులే ముఖ్యం. అన్నిటికంటే పెద్ద గొడవ గాలికుంటుతో. నోట్లో పొక్కులు, చొంగ కారడం, ఒకటికంటే ఎక్కువ కాళ్ళకి పుండ్లు, పక్క గొడ్డుకీ అదే వరస అయితే అది గాలికుంటే. అప్పుడు ఆ గొడ్డుని కదపకుండా వెంటనే డాక్టర్‌కి చెప్పాలి, ఊరంతా పాకుతుంది. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద దీనికి టీకా ఉచితంగానే వేస్తున్నారు, ఆరు నెలలకోసారి. టీకా వేస్తే పాలు తగ్గుతాయని గొడ్లని ముందే పొలానికి తోలేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళతో వాదించే ఓపిక నాకైతే లేదు.

ఇక వైద్యం. మా పక్కింటి బాబాయ్ ఎప్పుడూ అనే మాట, "పైన పుండేగా అబ్బాయ్, సూదెందుకు, మందు రాస్తే పోద్ది". అదే పొరపాటు. కుళ్ళు చర్మం కింద కండలోకి దిగి ఉంటుంది, పైన ఏం రాసినా అక్కడిదాకా పోదు. మొదటి రోజో రెండో రోజో యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడితే మూడు నాలుగు రోజుల్లో గొడ్డు మామూలుగా నడుస్తుంది. పెన్సిలిన్, ఆక్సిటెట్రాసైక్లిన్ లాంటి మామూలు మందులకే లొంగే జబ్బు ఇది. ఏది, ఎంత, ఎన్ని రోజులు అనేది బరువు చూసి డాక్టర్ చెప్పాలి, మెడికల్ షాపు కుర్రాడు కాదు. చెప్పినన్ని రోజులూ వేయించండి, మర్నాడు కుంటు తగ్గింది కదా అని ఆపేస్తే మళ్ళీ తిరగబెడుతుంది. వారం పది రోజులు నానబెట్టారా, కీలులోకి, నరంలోకి దిగుతుంది, అప్పుడు గిట్ట కోసెయ్యడమో, గొడ్డుని వదులుకోవడమో. మందు వేయించినా నాలుగో రోజుకి వాపు తగ్గకపోతే మళ్ళీ కాలు ఎత్తించండి, లోపల ఏదో మిగిలి ఉంది.

రెండు రాష్ట్రాల్లోనూ 1962కి ఫోన్ చేస్తే సంచార వైద్యం బండి వస్తుంది. కాలు కడిగి ఉంచండి, జ్వరం ఎంతో, ఈనిందా చూడిదా, పాలు ఎన్ని ఇస్తోందో చెప్పండి, సగం పని అయిపోతుంది. అన్నట్టు, మందు పడిన రోజుల్లో పాలు కేంద్రానికి పోయకూడదు, ఇంట్లో పిల్లలకీ పట్టకూడదు. ఎన్ని రోజులనేది సీసా మీద రాసి ఉంటుంది, డాక్టర్‌నీ అడగండి. ఈ మాట చెబితే చాలామంది మొహం మాడ్చుకుంటారు, ఆదాయం పోతుందని. అందుకే తొలి రోజే చూపించమని మొత్తుకునేది.

పైపూత అక్కర్లేదని కాదు. పర్మాంగనేట్ లేత గులాబీ రంగులో కలిపిన నీళ్ళతోనో, పోవిడోన్ అయోడిన్‌తోనో కడిగి, ఆరనిచ్చి, కట్టు లేకుండా వదిలేయండి. నాటుమందు మీద నమ్మకం ఉన్నవాళ్ళకి జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ప్రచారం చేసే నూనె ఒకటి ఉంది: కుప్పింటాకు, వేపాకు, గోరింటాకు, తులసి గుప్పెడు గుప్పెడు, పది వెల్లుల్లి రెబ్బలు, 20 గ్రాముల పసుపు నూరి, కొబ్బరి నూనెలోనో నువ్వుల నూనెలోనో కాచి చల్లార్చి రాయడం. ఈగ వాలకుండా ఉంటుంది, పుండు మెత్తగా మానుతుంది. పురుగు పడితే ముందు కర్పూరం కలిపిన కొబ్బరి నూనెతో పురుగుని బయటికి తెప్పించాలి. ఇంజెక్షన్‌తో పాటు రాయండి, ఇంజెక్షన్‌కి బదులు మాత్రం వద్దు.

ఇంతకీ ఆ గొడ్డుని ఎక్కడ కడుతున్నారు? మళ్ళీ అదే కుడితి తొట్టి ముందు, అదే గుంటలోనా? మా వైపు సావిళ్ళలో నూటికి తొంభై అదే కథ. తొట్టి నుంచి ఒలికిన కుడితి, ఉచ్చ, పేడ కలిసి ముందు కాళ్ళ కింద ఒకటి, వెనక కాళ్ళ కింద ఒకటి గుంట. ఆ రెండు గుంటలు పూడిస్తే సగం జబ్బు పోతుంది, మందులకయ్యే ఖర్చు కూడా కాదు. నేల వెనక్కి వాలుగా ఉండాలి, నాలుగడుగులకి ఒక అంగుళం చొప్పున. మరీ ఎక్కువైతే గొడ్డు జారుతుంది. కాంక్రీట్ పోస్తే నున్నగా పూయించకుండా గరుకుగా, గీతలు పెట్టించండి. రబ్బరు మ్యాట్ వేశాం కదా అని ధీమాగా ఉండకండి, వారానికోసారి ఎత్తి చూడండి, కింద ఏం నిలవ ఉంటుందో ముక్కే చెబుతుంది. వాకిలి దగ్గర కంకర పోసేవాళ్ళు పదునైన రాయి వెయ్యొద్దు. పొడి సున్నం చల్లడం మంచిదే, కానీ నీళ్ళు పోసి విరిచిన సున్నమే, రాతి సున్నం నేరుగా చల్లితే కాళ్ళు కాలతాయి.

ఖనిజ లవణ మిశ్రమం పెద్ద పశువుకి రోజుకి 50 గ్రాములు దాణాలో కలపండి, అందులో ఉండే జింక్ చర్మానికీ గిట్టకీ అవసరం. పెరిగిన గిట్టలు ఏడాదికి రెండుసార్లు చెక్కించండి. ఇదివరకు ఎద్దులకి లాడాలు కొట్టేవాళ్ళు ఊరూరా తిరిగేవారు, వాళ్ళ చేతిలో ఆ పని చక్కగా ఉండేది. ఇప్పుడు ట్రాక్టర్లొచ్చాక వాళ్ళు దొరకడం కష్టమైపోయింది. సంతలో గొడ్డుని కొనేటప్పుడు పొదుగు చూసినంత శ్రద్ధగా కాళ్ళు చూసేవాళ్ళు తక్కువ. నాలుగడుగులు గట్టి నేల మీద నడిపించి చూడండి.

పదీ ఇరవై గొడ్లు ఉన్నవాళ్ళకి మైలుతుత్తం (రాగి ఉండే కాపర్ సల్ఫేట్) తొట్టి పనికొస్తుంది. నూరు లీటర్ల నీళ్ళకి అయిదు కిలోలు, గిట్ట మునిగేంత లోతు, పాలు పితికాక అందులోంచి నడిపించాలి. ముందు మామూలు నీళ్ళతో కాళ్ళు కడగకపోతే పేడంతా అందులో పడి మందు చచ్చిపోతుంది, ఆకుపచ్చగా చిక్కబడిన నీళ్ళలో ఎన్నిసార్లు నడిపించినా ఒకటే. రెండు మూడు గొడ్లకి ఇంత హంగామా అక్కర్లేదు, ప్లాస్టిక్ టబ్బులో పది లీటర్లకి అర కిలో కలిపి ఒక్కో కాలు ముంచితే చాలు. ఇనప బకెట్ వద్దు, మైలుతుత్తం ఇనుముని తినేస్తుంది, మందూ పాడవుతుంది. కొంతమంది ఫార్మలిన్ వాడతారు, చవకే గానీ ఆ ఘాటు కళ్ళకీ ఊపిరికీ మంచిది కాదు, పచ్చి పుండు మీద పడితే గొడ్డు విలవిల్లాడుతుంది.

మా వైపు వాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. వాడేసిన మైలుతుత్తం నీళ్ళు పంటబోదెలోకి వదలకండి. ఆ బోదె ఎవరి చెరువులోకి పోతుందో మనకి తెలుసు, రాగి చేపకి విషం, రేపు చేపలు తేలితే పంచాయితీ మన ఇంటి ముందే. చెరువుకీ బోరుకీ దూరంగా గొయ్యి తీసి అందులో పొయ్యండి, ఆ చుట్టుపక్కల మొలిచిన గడ్డి కోసి గొర్రెలకి మాత్రం వెయ్యకండి, ఆవు తట్టుకున్నంత రాగిని గొర్రె తట్టుకోలేదు.