సారా మీద చర్చ నడపడం: నా అనుభవం

కావలి చుట్టుపక్కల ఊళ్లలో నీతి, హక్కులు, ప్రభుత్వం మీద చర్చ పెడితే నేను ముందు ఎత్తుకునేది సారా సంగతే. నెల్లూరు జిల్లాలో ఇది అందరికీ తెలిసిన కథ. 1992లో దూబగుంటలో రోసమ్మతో పాటు ఆడవాళ్లు సారా అంగడి మీదికి కదిలారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ నిషేధం, 1997లో సడలింపు.

ప్రశ్న రాసుకోవడంలోనే సగం పని ఉంది. "మద్యం నిషేధించాలా?" అని పెడితే తెల్లారినా తెగదు. అందులో నాలుగు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి: తాగడం తప్పా, తాగే హక్కు మనిషికి ఉందా, ఆపే అధికారం ప్రభుత్వానికి ఉందా, ఆపితే ఆగుతుందా. "దొంగసారా వస్తాది గదా" అన్నంత మాత్రాన ప్రభుత్వానికి అధికారం లేదని తేలదు. అందుకే నాలుగూ బోర్డు మీద రాసి, లేచినవాళ్లు ముందు నంబరు చెప్పాలంటాను.

మూడో ప్రశ్న దగ్గర చాలామంది రాజ్యాంగంలోని 47వ అధికరణం చూపించి గెలిచామనుకుంటారు. మందుల అవసరానికి తప్ప మత్తుపానీయాల వాడకాన్ని నిషేధించేందుకు ప్రభుత్వం ప్రయత్నించాలని అందులో ఉంది, నిజమే. కానీ అది ఆదేశిక సూత్రం. 37వ అధికరణం ప్రకారం దాన్ని కోర్టుకెళ్లి అమలు చేయించుకోలేం. అవతలి పక్షానికి, అంటే నిషేధం వద్దనేవాళ్లకు, 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన పుట్టస్వామి తీర్పు ఉంది: గోప్యత ప్రాథమిక హక్కు. 1951లో బల్సారా కేసులో సుప్రీంకోర్టు బొంబాయి మద్యనిషేధ చట్టాన్ని చాలావరకు నిలబెట్టింది, ఆల్కహాల్ కలిసిన మందులకు, సౌందర్య సాధనాలకు దాన్ని వర్తింపజేసిన భాగం లాంటి కొన్నిటిని మాత్రం కొట్టేసింది. ఉద్దేశం మంచిదైనా చట్టం హద్దు దాటకూడదని చెప్పడానికి నేనెప్పుడూ ఈ తీర్పే తీస్తాను.

అసలు వేడి రెండో ప్రశ్న దగ్గర పుడుతుంది. "నా డబ్బు, నా ఇల్లు, సర్కారుకేంది?" అని ఒకాయన లేస్తాడు. "ఆ ఇంట్లో నేనూ ఉండా, ఆ కూలి నాది కూడా" అని వెనక వరసలోంచి ఒకామె అంటుంది. చర్చను అక్కడ ఆపి, ఆ రెండు మాటల మీదే ఇరవై నిమిషాలు ఇవ్వాలి. తాగేవాడి హక్కు లెక్కలో తాగని మనిషి హక్కు ఎంత? నా మటుకు నాకు ఆమె ప్రశ్నే బలమైనది, కానీ నడిపేవాడు ఆ సంగతి చివరిదాకా బయటపెట్టకూడదు.

మాటకు నాలుగు నిమిషాలు. ఖండించే ముందు అవతలివాళ్ల వాదన తన నోట చెప్పాలి, వాళ్లు "అదే మా మాట" అన్నాకే ముందుకెళ్లాలి. పార్టీల పేర్లు మొదటి గంట వద్దు, అవి వచ్చాయంటే ఎవరు ఎవరి మనిషో లెక్కేసుకోవడమే మిగులుతుంది.

ఓటు చేతులెత్తి కాదు, చీటీల మీద, మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి. చేతులెత్తమంటే ఆడవాళ్లు భర్తల వైపు చూస్తారు. అభిప్రాయం మారినవాళ్లు ఏ మాటకు మారారో చీటీ వెనక రాయాలి. రాయడం రానివాళ్లకు ఊరివాళ్లు కాని మనిషిని పక్కన కూర్చోబెడతాం.