కంట్రోలర్‌తో కోడింగ్

ఈ మధ్య ఏఐ అసిస్టెంట్‌తో కోడ్ రాయించే పనంతా దాదాపు గేమ్ కంట్రోలర్‌తోనే నడిపిస్తున్నాను. వింతగా అనిపించొచ్చు. కానీ క్లాడ్ కోడ్ లాంటి వాటితో పనిచేసేటప్పుడు మన చేతులు ఏం చేస్తున్నాయో గమనించండి. అది ఒక ఫైల్ మారుస్తానంటుంది, మనం చదివి సరే అంటాం. దారి తప్పుతుంటే ఆపుతాం. టైపింగ్ చాలా తక్కువ.

అందుకే స్టీమ్ ఇన్‌పుట్‌లో (స్టీమ్ గేమింగ్ యాప్‌లో కంట్రోలర్ బటన్లకు కీబోర్డ్ కీలు కేటాయించే సదుపాయం) బటన్లకు కీలు పెట్టుకున్నాను. బి నొక్కితే ఎస్కేప్, అంటే పని అక్కడే ఆగిపోతుంది. డీ-ప్యాడ్‌తో (నాలుగు దిక్కుల బటన్) ఆప్షన్లు మారతాయి, షోల్డర్ బటన్‌కి షిఫ్ట్-ట్యాబ్ (క్లాడ్ కోడ్‌లో అనుమతి మోడ్ మార్చే కీ), కుడి స్టిక్‌తో స్క్రోల్. ట్రిగ్గర్ పట్టుకుంటే మైక్ ఆన్, చెప్పాల్సింది నోటితోనే చెప్పేస్తాను. సరే అని చెప్పే ఎంటర్‌ని మాత్రం ఎ బటన్ లాంగ్ ప్రెస్‌కి పెట్టాను. బొటనవేలు ఊరికే తగిలితే ఫైళ్లు డిలీట్ చేసే కమాండ్‌కి కూడా అనుమతి వెళ్లిపోతుంది మరి! ఆ అర సెకను నొక్కి పట్టుకోవడంలో ఇంకోసారి కళ్లు కమాండ్ మీదికి వెళ్తాయి. నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

ఫంక్షన్ పేర్లు నోటితో చెప్పడం మాత్రం నరకం. వాటికి కీబోర్డే దిక్కు.

చేతులు సరిగా సహకరించని వాళ్ల కోసం మైక్రోసాఫ్ట్ 2018లోనే ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది. పెద్ద బటన్లు, బయటి స్విచ్‌లు తగిలించుకునే జాక్‌లు ఉంటాయి. దానికీ ఇలాగే కీలు పెట్టుకోవచ్చు. మణికట్టు నొప్పితో కోడింగ్‌కి దూరమైన వాళ్లు ఎవరైనా ఉంటే మెసేజ్ చేయండి, నా సెట్టింగ్స్ పంపిస్తాను, కలిసి కూర్చుని మీకు తగ్గట్టు మార్చుకుందాం.