నల్ల పత్తి కోసం పొందూరు దాకా

తెల్లవారుజామున నాలుగున్నరకి ట్రాలీ ఆటో మా గేటు ముందు ఆగింది. మాఘమాసం, మంచు ఇంకా విడలేదు. షేడ్‌నెట్ కింద టార్చిలైటు పట్టుకుని మొక్కలు లెక్కపెడితే రెండు తగ్గాయి. మళ్ళీ లెక్కపెడితే ఒకటి తగ్గింది. చీకట్లో నల్లాకు మొక్కల్ని లెక్కపెట్టకూడదని ఇన్నేళ్ళయినా నా బుర్రకెక్కలేదు. చివరికి మా ఆయన లేచి వచ్చి, కుండీల అంచులు చేత్తో తడుముతూ లెక్క తేల్చాడు. ముప్ఫై ఆరు. సరిపోయాయి.

మాది విజయనగరం శివార్లలో పాతిక సెంట్ల నర్సరీ. గులాబీలు, చామంతులు అడిగితే వేరే చోటికి పంపిస్తాం. మా దగ్గరున్నవన్నీ ముదురు రంగువే. నల్ల చేమ, నల్లాకు మిరప, ఊదా గంటె, వంకాయ రంగు చిలగడదుంప తీగ, నల్ల ఉమ్మెత్త, నల్ల పసుపు, కృష్ణ తులసి. ఇదేం పిచ్చి అని అడగనివాళ్ళు లేరు. దానికి కారణం హుద్‌హుద్. 2014 అక్టోబరు 12న వచ్చిన ఆ తుపానుకి మా పెరట్లో పెద్ద మామిడిచెట్టు కూలిపోయింది. అప్పటిదాకా ఆ నీడలో బిక్కుబిక్కుమంటూ ఉన్న కృష్ణ తులసి, ఎండ తగిలిన నెల తిరక్కుండా పచ్చదనం వదిలేసి నేరేడుపండు రంగుకి తిరిగింది. నేను ఏ మందూ వెయ్యలేదు. చెట్టు పోయింది, ఎండ వచ్చింది, అంతే. రోజూ పొద్దున్నే దాని దగ్గర నిలబడి చూసేదాన్ని. అలా పట్టుకుంది.

ఆ రోజు ప్రయాణానికి రెండు పనులు. ఒకటి, శ్రీకాకుళంలో కొత్తిల్లు కట్టుకున్న రిటైర్డ్ మాస్టారుకి మొక్కలు అప్పగించడం. రెండోది నా సొంత కోరిక. విదేశీ తోటల ఫోటోల్లో ముదురు ఎరుపు ఆకులతో, తెల్లటి దూదితో ఒక పత్తి మొక్క చూశాను. 'నైగ్రా', అంటే నల్లది, అంటారు దాన్ని. అప్పట్నుంచీ నిద్ర లేదు. పొందూరు ఖద్దరు కొండపత్తి, పునాస పత్తి, ఎర్ర పత్తితో నేస్తారని చిన్నప్పట్నుంచీ వింటున్నదే. ఎర్ర పత్తి అంటే ఆకు ఎర్రగా ఉండదా? మన పెరట్లో ఉన్నదాన్ని ఎక్కడో వెతుక్కుంటున్నామేమో!

చేమ ఆకులు పాత చీరల్లో చుట్టి, కుండీలకీ కుండీలకీ మధ్య గోనెలు కుక్కి బయలుదేరాం. గంటకి నలభై దాటనివ్వనని డ్రైవరు కుర్రాడితో ముందే మాట తీసుకున్నాను. గాలికి చేమాకు ఒక్కసారి చీలిందంటే ఇక ఆ మొక్క అమ్ముడుపోదు. "అక్కా, నలభైలో ఎల్తే శ్రీకాకులం సేరేసరికి మద్దేనం అయిపోద్ది," అన్నాడు. డెబ్భై కిలోమీటర్లు కూడా లేవు, ఊరికే దబాయింపు. నాతవలస దగ్గర హైవే ఎక్కాక మాత్రం నల్లేరు మీద బండి నడకే.

అన్నట్టు, నల్లేరులో నలుపు లేదు. మా బోర్డు మీద 'నల్ల మొక్కలు' అని చూసి ఒక పెద్దాయన పచ్చడికి నల్లేరు కావాలని వచ్చాడు. లేదంటే, "మరి బోర్డెందుకు పెట్టినారు?" అని కోప్పడి వెళ్ళిపోయాడు.

నిజానికి మా మొక్కల్లోనూ నలుపు లేదు. ఆకులో పచ్చదనం మామూలుగానే ఉంటుంది. దాని మీద ఆంథోసయనిన్ అనే ఎరుపు, ఊదా రంగు పదార్థం దట్టంగా పేరుకుంటుంది. రెండూ కలిసి పడ్డ వెలుగునంతా దాదాపు మింగేస్తాయి కాబట్టి మన కంటికి నల్లగా కనిపిస్తుంది. ఎండకి అడ్డంగా పెట్టి చూస్తే గుట్టు బయటపడుతుంది. ఈ సంగతి నాకు తెలిసేసరికి చాలా డబ్బు పోయింది. మొదటి ఏడాది ఊదా గంటె విత్తనం తెప్పించాను. ఇది మన గంటెలే, అదే, మీలో కొందరు సజ్జలంటారు, వాటిలో అలంకారం కోసం తీసిన రకం. 2003లో అమెరికాలో విత్తన పోటీలో బంగారు పతకం తెచ్చుకుంది. నేను అపురూపంగా షేడ్‌నెట్ కింద పెంచాను. మొక్కలు నిక్షేపంగా, పచ్చగా పెరిగాయి. కొన్నవాళ్ళు తిరిగొచ్చి, "పొలంలో గంటెలు పీకి తెచ్చి వంద రూపాయలకి అమ్ముతున్నావా?" అన్నారు. డబ్బులు వెనక్కిచ్చేశాను. మిగిలిన మొక్కలు విసుగుతో బయట ఎండలో పడేస్తే, అవి అప్పుడు రంగు తిరిగాయి!

అలాగని అన్నిటికీ ఎండ పనికిరాదు. నల్ల మొఖమల్ గుడ్డలాంటి ఆకులుండే చిన్న అలొకేసియాకి నీడే కావాలి, ఎండలో పెడితే అంచులు మాడిపోతాయి. నల్ల గడ్డి అని ఒకటి, చల్లని దేశాలది, ఆన్‌లైన్‌లో కుండీ ఎనిమిది వందలు పెట్టి పది కొన్నాను. రోహిణీ కార్తె వచ్చింది, పదీ పోయాయి. నల్ల గులాబీ విత్తనాల కథ చెప్పను, సిగ్గుగా ఉంటుంది. గులాబీలో నిజమైన నలుపు లేదు, ఉన్నదంతా ముదురు ఎరుపు. అది తెలిసి కూడా కొన్నాను.

రణస్థలం దాటాక టీ తాగాం. చీరల కట్లు విప్పి చూస్తే రెండు ఆకులు చీలాయి. కుర్రాడు ఆకాశం వంక చూశాడు.

మాస్టారి ఇల్లు శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కి కాస్త లోపలికి. గేటు తీయగానే నాకు గుండె జారింది. నల్లాకు మొక్కలకి వెనక తెల్లగోడ ఉండాలని రెండు నెలల క్రితం నేనే చెప్పాను. సున్నం వేసినా చాలన్నాను. వాళ్ళబ్బాయి హైదరాబాదు నుంచి వచ్చి గోడకి బొగ్గు రంగు వేయించాడట, ఇప్పుడదే ఫ్యాషనట. చేమ మొక్క తీసుకెళ్ళి ఆ గోడ ముందు పెడితే కుండీ ఒక్కటే కనబడుతోంది. మాస్టారూ నేనూ కాసేపు మౌనంగా నిలబడ్డాం. చివరికి మొక్కలన్నీ మెట్ల పక్కన తెల్ల టైల్స్ ఉన్న వైపుకి మార్చి, మధ్యమధ్యలో చిలకపచ్చ చిలగడదుంప తీగ పెట్టాను. లేత రంగు పక్కనుంటేనే ముదురు రంగు పైకి తేలుతుంది. బోరు నీళ్ళు ఆకుల మీద చల్లొద్దని రెండుసార్లు చెప్పాను. ఉప్పు మరకలు పచ్చాకు మీద కనబడవు, నల్లాకు మీద సుద్దముక్కతో గీసినట్టు కనబడతాయి. దుమ్ము కూడా అంతే. ఈ మొక్కలు పెంచడమంటే సగం పని తడిగుడ్డతో తుడవడమే.

మాస్టారి అమ్మగారు అరుగు మీద కూర్చుని అంతా చూస్తోంది. "కొత్తింటికి ఇయ్యేటమ్మా? కాలిపోయినట్టున్నాయి," అంది. నేను మిరప ఆకొకటి తుంచి, ఎండ వైపు పట్టి చూపించాను. మామ్మగారు ఒక కన్ను మూసి చూసింది. "ఓలమ్మ, నేరేడు రసంలాగుంది!" అని, వెంటనే, "కాయలు కారంగా ఉంటాయా?" అని అడిగింది. ఉంటాయన్నాను. ఆ రకం కాయలు గుండ్రంగా, నల్లగా పూసల్లా కాసి, పండితే ఎర్రబడతాయి. అందం కోసం తీసిన రకమే కానీ కారానికి లోటు లేదు. "అయితే ఉండనీ," అంది. ఇంటి యజమాని ఎవరో నాకప్పుడు తెలిసింది.

శ్రీకాకుళం దాకా వచ్చి అరసవల్లి వెళ్ళకుండా ఎలా తిరిగొస్తాం? ఆదివారమని మర్చిపోయాను. సూర్యదేవుడి గుడికి, మాఘమాసం ఆదివారం నాడు, క్యూ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. గంటన్నర నిలబడితే మూడు సెకన్లు దర్శనం. అందరూ నగలూ పూలూ చూస్తారు, నా కళ్ళు మాత్రం రాతి మీదకి పోయాయి. వెలుగిచ్చే స్వామి విగ్రహం నల్లరాతిది. దీపం కాంతికి ఆ రాయి మెరుస్తుంటే, నా షేడ్‌నెట్ కింద దుమ్ము పట్టి ఉన్న మొక్కలు గుర్తొచ్చి, పనమ్మాయి రేపు వస్తుందో రాదో అని టెన్షన్ మొదలైంది. దేవుడి ముందు అలాంటి ఆలోచన రావడం తప్పే. మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులు పొద్దుటి సూర్యకిరణాలు గర్భగుడిలోకి వచ్చి స్వామి పాదాల్ని తాకుతాయి. ఆ రోజుల్లో రమ్మని కుర్రాడు సలహా ఇచ్చాడు. ఈ క్యూ చూశాక నేను మాట ఇవ్వలేదు.

ఎచ్చెర్ల మీదుగా వెనక్కి వచ్చి, చిలకపాలెం దగ్గర హైవే వదిలి పొందూరు దారి పట్టాం. ట్రాలీలో ఇక రెండు మిరప కుండీలే ఉన్నాయి. ఎవరైనా పత్తి విత్తనాలిస్తే మారుగా ఇద్దామని అట్టిపెట్టాను.

పొందూరులో ఎవర్ని అడిగినా ఖద్దరు కొనడానికి వచ్చామనుకున్నారు. పత్తి మొక్క కావాలంటే వింతగా చూశారు. చివరికి ఒకావిడ, "వడికేవాళ్ళనడుగు తల్లీ," అని ఒక సందు చూపించింది. ఆ సందులో మూడో ఇంటి వసారాలో డెబ్భై దాటిన ఒక పెద్దావిడ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన రాట్నం. చేతిలో ఏదో చిన్న రంపంలాంటిది. దగ్గరికెళితే అది చేప దవడ. వాలుగ చేపది. ఆ సన్నటి పళ్ళ వరసతో దూదిని దువ్వుతోంది. ఒక్కో దువ్వుకీ చెత్తా నలుసూ రాలిపోయి, దూది పొగలా విచ్చుకుంటోంది. నేను వచ్చిన పని మర్చిపోయి కింద కూర్చుండిపోయాను. దువ్విన దూదిని ఏకులు చుట్టి ఎండిన అరటి దొప్పలో పెడుతుంది. ఆ దొప్ప ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో రాట్నం తిప్పితే, కంటికి ఆననంత సన్నగా నూలు వస్తోంది. ఇంత పని చేస్తే రోజుకి ఎంత వస్తుందని అడిగాను. ఆవిడ చెప్పిన అంకె ఇక్కడ రాయను. ఒక చేమ కుండీకి నేను వేసే ధర కంటే తక్కువ.

"పిన్నీ, ఎర్ర పత్తి మొక్క ఎక్కడైనా ఉందా? ఆకు నల్లగా, ఎర్రగా ఉంటుందేమో..." అని ఫోన్‌లో ఫోటో చూపించాను.

ఆవిడ ఫోన్ దూరంగా పట్టుకుని చూసి నవ్వింది. లోపలికెళ్ళి చిన్న మూటలోంచి దూది పింజ తెచ్చి నా అరచేతిలో పెట్టింది. "ఎరుపు ఆకులోన నేదమ్మా. ఇదిగో, దూదిలోనుంటాది."

పాలల్లో ఒక్క చుక్క డికాషన్ వేసినట్టుంది ఆ రంగు. పక్కన తెల్ల దూది పెడితే తప్ప తేడా తెలీదు. దానికే వాళ్ళు ఎర్ర పత్తి అని పేరు పెట్టుకున్నారు. నేనేమో వంకాయ రంగు ఆకుని 'నల్ల మొక్క' అని బోర్డు పెట్టి అమ్ముకుంటున్నాను.

నా మొహం చూసి జాలిపడిందో ఏమో, మంచినీళ్ళిచ్చి, "నల్లాకులే గావాలా నీకు?" అంటూ పెరట్లోకి తీసుకెళ్ళింది. అంట్లు తోముకునే చోట, ఆ నీళ్ళు పారే కాలవ పక్కన నడుమెత్తు చేమ గుబురు. ఆకులు పచ్చవే. కానీ కాడలు! కింద దుంప దగ్గర్నుంచి ఆకు దాకా నిగనిగలాడే నలుపు, కాస్త ఊదా ఛాయ. దుమ్ము లేదు, మరక లేదు. మధ్యాహ్నం ఎండ నేరుగా వాటి మీదే పడుతోంది. నేను కుండీల్లో బతిమాలి పెంచే చేమలు దీని పక్కన పేషెంట్లలా ఉంటాయి.

"నల్ల సేమ. మా అత్త ఏసింది. కాడలు పులుసెట్టుకుంటాం, దురదుండదు," అంది. ఇలాంటి మొక్క మా దగ్గర మూడొందల యాభైకి అమ్ముతామని నోరు జారాను. ఆవిడ నన్ను, కాలవని, చేమని మార్చి మార్చి చూసి, "ఎవులు కొంటారమ్మా?" అంది. ఎగతాళి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నా దగ్గర సరైన జవాబు లేకపోయింది.

దుంపలకి డబ్బులిస్తానంటే ఒప్పుకోలేదు. మిరప కుండీలు రెండూ దింపించాను. ఆవిడ ఒక నల్ల కాయ కోసి, గోటితో గిల్లి, నాలిక్కి రాసుకుని, కళ్ళు మూసుకుంది. "మంచి కారమే. రెండోది మా కోడలికిస్తాను," అంది. పలుగు ఇచ్చి నన్నే తవ్వుకోమంది. నేనూ ఉత్సాహంగా పిలకలున్న దుంపలు ఐదు పెళ్ళగించి, పైన కాడలు కత్తిరించి, గోనెలో చుట్టాను. చేతులకి నూనె రాసుకోమని ఆవిడ వెనక నుంచి చెబుతూనే ఉంది. నర్సరీ వాళ్ళకి ఒకరు చెప్పాలా?

చిలకపాలెం వచ్చేసరికి మొదలైంది. ముందు వేళ్ళ సందులు, తర్వాత మణికట్టు. పులుసు ఉడికాక దురద ఉండదు గానీ, పచ్చి చేమ రసం చేమ రసమే. కుర్రాడు బండి ఆపి, హోటల్లో అడిగి కాస్త చింతపండు తెచ్చిచ్చాడు. అది రుద్దుకుంటూ, తిట్టుకుంటూ కూర్చున్నాను. ఈసారి ఎనభైలో వెళ్ళాడు, నేనేమీ అనలేదు.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టేశారు. మా ఆయన గోనె విప్పి, దుంపలు చూసి, నా వంక చూశాడు.

"నల్ల పత్తి దొరికిందా?"

"దురద దొరికింది. కొబ్బరినూనె తీసుకురా," అన్నాను.