ఓటు లేని దాతలు

దాత పేరు బయటికి రాకుండా పార్టీలకు విరాళం ఇచ్చే వీలు కల్పించిన ఎన్నికల బాండ్ల పథకాన్ని కొట్టివేస్తూ 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుపై చర్చ ఎక్కువగా ఓటరు సమాచార హక్కు చుట్టూనే సాగింది. పార్టీలకు కంపెనీలిచ్చే విరాళాలను నియంత్రించే కంపెనీల చట్టం 182వ సెక్షన్ గురించి అదే తీర్పు చెప్పిన మాటలకు కూడా అంతే ప్రాధాన్యం దక్కవలసిందని నా అభిప్రాయం.

గడచిన మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతానికి మించి ఏ కంపెనీ పార్టీలకు విరాళం ఇవ్వరాదని, ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో లాభనష్టాల ఖాతాలో చూపాలని 2013 నాటి చట్టం నిర్దేశించింది. 2017 ఫైనాన్స్ చట్టం ఈ పరిమితిని ఎత్తివేసి, పార్టీ పేరు చెప్పనక్కరలేదంది. దాంతో నష్టాల్లో కూరుకుపోయిన సంస్థ సైతం ఎంతైనా ఇవ్వగలిగేది, ఆ సొమ్ము ఏ పార్టీకి చేరిందో సొంత వాటాదారులకైనా తెలియనక్కరలేకపోయింది. విరాళాల కోసమే డొల్ల కంపెనీలు పుట్టుకొస్తాయని ఎన్నికల సంఘం ఆనాడే హెచ్చరించినా ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు.

వ్యక్తి ఇచ్చే విరాళంలో పార్టీ పట్ల అభిమానం ఉండవచ్చు గానీ, కంపెనీ ఇచ్చేది ప్రతిఫలం ఆశించి చేసే వ్యాపార లావాదేవీయేనని, ఇద్దరినీ ఒకే గాటన కట్టడం సమానత్వ హక్కునిచ్చే రాజ్యాంగ 14వ అధికరణానికి విరుద్ధమని ధర్మాసనం తేల్చింది. అమెరికా సుప్రీంకోర్టు మాత్రం 2010లో సిటిజన్స్ యునైటెడ్ కేసులో, అభ్యర్థులతో నిమిత్తం లేకుండా కార్పొరేషన్లు చేసే ప్రచార వ్యయాన్ని భావప్రకటనా స్వేచ్ఛగా 5–4 మెజారిటీతో గుర్తించింది. మన రాజ్యాంగంలో భావప్రకటన వంటి 19వ అధికరణపు స్వేచ్ఛలు పౌరులవి. కార్పొరేషన్ పౌరుల లెక్కలోకి రాదని మన సుప్రీంకోర్టు 1963లోనే స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ కేసులో చెప్పింది. ఈ విషయంలో మన దారే సరైనదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

తీర్పు తరువాత బయటపడిన, బాండ్లు కొన్నవారి జాబితాలో హైదరాబాదు కేంద్రంగా పనిచేసే మేఘా ఇంజనీరింగ్ సంస్థ 966 కోట్ల రూపాయల బాండ్లతో దేశంలో రెండో స్థానంలో నిలిచింది. కాళేశ్వరం, పోలవరం వంటి ప్రభుత్వ పనులు చేసిన సంస్థ అది. ఆ పనులకూ ఈ విరాళాలకూ ముడి ఉందని నేను అనడం లేదు. ఉందా అని అడిగే అవకాశం తెలంగాణ ఓటర్లకు 2023 ఎన్నికల్లో పోలింగుకు ముందే ఉండవలసింది.

ఈ తీర్పుతో విరాళాలపై పాత పరిమితి తిరిగి వచ్చినా, ఖర్చు వైపు తలుపు ఇంకా తెరిచే ఉంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో మన రెండు రాష్ట్రాల అభ్యర్థులకు వ్యయ పరిమితి 95 లక్షలు కాగా, వారిని నిలబెట్టిన పార్టీలకు చట్టం ఏ పరిమితీ విధించలేదు. విరాళాలపై చూపిన శ్రద్ధను పార్లమెంటు, న్యాయస్థానాలు ఈ వ్యయంపైనా చూపాలి.