కాటా మీద కెమెరా

పొద్దున్న మొదలుపెడితే చీకటి పడేదాకా పట్టింది. పర్లాకిమిడి ఊరి చివర మామయ్య జీడిపప్పు ఫ్యాక్టరీలో కెమెరాలు బిగించాను ఇవాళ. వేళ్ళు ఇంకా మండుతున్నాయి, వైరు చివర ఆ ఎనిమిది సన్న తీగల్ని రంగుల వరస తప్పకుండా పెట్టి ప్లగ్గులో దూర్చి నొక్కడం కంటికీ వేలికీ రెండింటికీ పనే. అయినా మనసు బాగుంది, అందుకే పడుకోకుండా రాస్తున్నా.

ఇంతకుముందు అక్కడ వైఫై కెమెరాలు ఉండేవి, లోపల మెమరీ కార్డు పెట్టుకునేవి. కరెంటు పోతే రౌటరు పోతుంది, దాంతో కెమెరా కూడా. పైగా రికార్డింగంతా కెమెరాలోనే ఉంటే, ఆ కెమెరానే పీక్కుపోతే ఇంక మిగిలేదేముంది? మా వైపు గాలివాన వచ్చిందంటే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఒడిశాలో మా గజపతి జిల్లాను ఏం చేసిందో చూసినవాళ్ళం. అందుకని ఈసారి పీఓఈ కెమెరాలే కావాలన్నాను. ఒకే నెట్‌వర్క్ కేబుల్లో కరెంటూ వీడియో రెండూ నడుస్తాయి. ఆఫీసు గదిలో ఆ కేబుళ్ళన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్చినీ, వీడియో దాచే రికార్డరునీ ఒక్క యూపీఎస్ మీద పెడితే చాలు, కరెంటు పోయినా గేటు దగ్గర కెమెరా కూడా పనిచేస్తూనే ఉంటుంది.

కేబుల్ విషయంలో మాత్రం నేను పట్టు వదల్లేదు. కొట్టులో చూపించిన చవక కట్ట పైకి రాగిలాగే ఉంది, కత్తితో గీకితే లోపల తెల్లగా అల్యూమినియం, పైన రాగి పూత అంతే. అల్యూమినియంలో నష్టం ఎక్కువ కాబట్టి దూరం పెరిగేకొద్దీ వోల్టేజీ దారిలోనే పడిపోతుంది. పగలు బాగానే కనిపించి, రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగ్గానే కెమెరా ఆగిపోయి మళ్ళీ మొదలవుతూ ఉంటుంది, అంటే కావలసిన వేళకే పనిచేయదన్నమాట. అసలు రాగి కట్ట ధర విని మామయ్య మొహం చిట్లించాడు గానీ కొన్నాడు. 100 మీటర్లు దాటకూడదనే హద్దు ఉంది, మా గేటు ఆ లోపే.

డిస్కు ఎంతది కావాలన్నది అందరూ అడుగుతారు కాబట్టి లెక్క రాసి పెట్టుకుంటా. కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు పంపితే అది అర మెగాబైటు, రోజుకు 86,400 సెకన్లు, అంటే సుమారు 43 జీబీ. నాలుగు కెమెరాలకు రోజుకు 173. ఈ లెక్కన 2 టీబీ డిస్కు పదకొండు రోజులకే నిండి పాతది చెరిగిపోవడం మొదలవుతుంది. వీడియోను ఇంకా బాగా కుదించే హెచ్.265 పద్ధతి పెట్టి 2 మెగాబిట్లకు దించితే ఇరవై రోజులు దాటుతుంది. మామయ్య పదిహేను రోజులకోసారి కూలి లెక్క చూస్తాడు, గొడవ వస్తే అప్పుడే వస్తుంది కాబట్టి అంతకంటే తక్కువ రోజులు ఉంచితే ఉపయోగం లేదు.

కెమెరాలకు ఇంటర్నెట్ ఇవ్వలేదు. వాటికి వేరే నెట్‌వర్క్, రికార్డరు తప్ప వాటితో ఎవరూ మాట్లాడలేరు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, కంపెనీవాళ్ళు ఇచ్చిన పాస్‌వర్డు మార్చకుండా వదిలేసిన కెమెరాలనే లక్షల్లో పట్టుకుని పెద్ద పెద్ద వెబ్‌సైట్లు ఆగిపోయేలా చేసింది. మామయ్య ఫోనులో చూసుకోవడానికి వీపీఎన్ పెట్టాను, అంటే బయటివాళ్ళు తొంగిచూడలేని దారి; ఇంటర్నెట్ నుంచి ఎవరైనా నేరుగా లోపలికి రాగలిగే పోర్టులేవీ తెరవలేదు. రికార్డరు గడియారం చైనా టైములో ఉంది, మనకంటే రెండున్నర గంటలు ముందు. అది సరిచేయకపోతే రేపు ఎవరికి చూపించినా ఆ రికార్డింగుకు విలువుండదు.

అసలు మాట నాలుగో కెమెరా గురించి. గేటు, గోడౌను తలుపు, బాయిలర్ వైపు, ఈ మూడింటికీ పేచీ లేదు. నాలుగోది ఆడవాళ్ళు పిక్కలు కొట్టే షెడ్డులో కావాలన్నాడు మామయ్య. "ఎవరు పని చేత్తన్నారో ఎవరు కబుర్లాడతన్నారో తెలవాల కదరా అల్లుడూ" అని. నాకు అది నచ్చలేదు. పెంకులోని జీడి చేతికి అంటితే చర్మం కాలిపోతుంది, నూనె రాసుకుని, బూడిద అద్దుకుని, చీర ఎగ్గట్టుకుని రోజంతా కూర్చుంటారు వాళ్ళు. చంటిబిడ్డలకు పాలిచ్చేదీ అక్కడే. అదంతా ఆఫీసు టీవీలో ఎవరు పడితే వాళ్ళు చూడడమేంటి?

నేను నిచ్చెన మీద ఉండగానే వాళ్ళలో పెద్దావిడ అడిగింది. "ఏటి బాబూ, పొద్దంతా మమ్మల్నే సూస్తాదా అది?" మామయ్యతో ఇంకా మాట్లాడాలమ్మా అన్నాను. ఆవిడ పక్కనున్నావిడతో ఒడియాలో ఏదో అని, మళ్ళీ తెలుగులో, "సూడమంటే కాటా కాడ సూడమను, మా కిలోలేటో అందరికీ అగుపడతాయి" అంది.

ఇంతమందికి తట్టనిది ఆవిడకు తట్టింది. వాళ్ళకు కూలి కిలోల లెక్కనే. విరగని గుండు ఎంత, విడిపోయిన బద్ద ఎంత అన్నది కాటా దగ్గరే తేలుతుంది, ప్రతిసారీ మాట మాట పెరిగేదీ అక్కడే. మామయ్య కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సరే, ఆ ముక్కా నిజమే" అని నిచ్చెన తనే మోసుకొచ్చి కాటా దగ్గర వేశాడు. ఆ మనిషిలో నాకు నచ్చేది ఇదే, మాట న్యాయమనిపిస్తే ఎవరన్నారని చూడడు.

కాటాను చూడడం తేలిక కాదని అప్పుడు తెలిసింది. ఎర్ర అంకెలు కెమెరాలో మంటలా పరుచుకుని 6 ఏదో 8 ఏదో తెలియలేదు, షట్టరు వేగం పెంచితే అంకెల్లో గీతలు మాయమయ్యాయి, ఎందుకంటే ఆ డిస్‌ప్లే మన కంటికి తెలియకుండా ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. షట్టరును సెకనులో 1/25 వంతుకి దించి, వెలుతురు తగ్గించి, కెమెరాను కాస్త పక్కనుంచి కిందికి వంచితే అంకెలు స్పష్టంగా వచ్చాయి. ఫ్రేములో కాటా, దాని మీది గంప, తూచే చేతులు, అంతే. మైకు ఆపేశాను, వాళ్ళు మాట్లాడుకునేవి మనకెందుకు?

పెద్దావిడను పిలిచి టీవీలో చూపించాను. తన గంప తూకం తనే పైకి చదివి, మిగతావాళ్ళనీ కేకేసింది. ఆ టీవీ ఇప్పుడు మామయ్య కుర్చీకి ఎదురుగా ఉంది, దాన్ని షెడ్డు కిటికీ వైపు తిప్పి బిగించమన్నాడు, తూచేటప్పుడు వాళ్ళు అక్కణ్ణుంచే చూసుకోవచ్చని. రేపు ఆ స్టాండు కొనాలి, గేటు దగ్గర కెమెరా ఉందని ఒడియాలోనూ తెలుగులోనూ బోర్డు రాయించాలి, వానలు ముదరకముందే బయటి కేబులంతా పైపుల్లోకి దించాలి.