మెట్ల లైట్ల రొద, మా అసోసియేషన్ మీటింగ్: నా అనుభవం

నిన్న రాత్రి 20 మీటర్ల షార్ట్‌వేవ్ బ్యాండ్ మీద నా రేడియో రిసీవర్లో నాయిస్, అంటే రొద, సిగ్నల్ మీటర్ మీద ఎస్8 నుంచి ఎస్3కి దిగింది. ఒక్కో ఎస్ యూనిట్ 6 డెసిబెల్స్ లెక్కన మొత్తం 30, అంటే రొద వెయ్యో వంతుకి పడిపోయింది! బెంగళూరు అపార్ట్‌మెంట్లలో హ్యామ్ రేడియో (లైసెన్స్ తీసుకుని సరదాకి నడిపే సొంత రేడియో స్టేషన్) పెట్టుకున్న మనవాళ్లకి పనికొస్తుందని వెంటనే రాస్తున్నాను.

లైసెన్స్ పరీక్ష, కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు), టెర్రస్ మీద యాంటెన్నా తీగ కట్టడం అన్నీ సాఫీగానే అయ్యాయి. ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో రేడియో మీద చిన్న సందేశాలు పంపి అందుకునే పద్ధతి) పెట్టుకోవడమూ తేలికే, కంప్యూటర్ గడియారం సరిగ్గా ఉంటే చాలు. 2500 హెర్ట్జ్ వెడల్పులో ఉన్న రొద కంటే 21 డెసిబెల్స్ కింద ఉన్న సిగ్నల్‌ని కూడా అది చదివేస్తుంది. మన చెవికి అక్కడ ఏమీ వినపడదు. స్టీవ్ ఫ్రాంకేతో కలిసి దాన్ని తయారుచేసిన జో టేలర్, పల్సర్లనే నక్షత్రాల మీద చేసిన పనికి 1993లో నోబెల్ అందుకున్నాయన. అయితే ఆ 21 లెక్క మన దగ్గరున్న రొద నుంచే మొదలవుతుంది. మాకు సాయంత్రం ఆరు కాగానే రొద ఎస్8కి ఎక్కి కూర్చునేది.

ఎస్.పీ. రోడ్డులో ఒక షాపాయన ప్రీయాంప్ (రిసీవర్ ముందు పెట్టి సిగ్నల్‌ని పెంచే పరికరం) కొనమని ఒకటే పోరు. నేను కొనలేదు. 30 మెగాహెర్ట్జ్‌కి దిగువన యాంటెన్నా మోసుకొచ్చే రొదే ఎక్కువ, ప్రీయాంప్ సిగ్నల్‌తో పాటు దాన్నీ పెంచుతుంది. తెలిసీ అంటగట్టే అలాంటి షాపులకి వెళ్లకండి.

ఇంట్లో మెయిన్ ఆపేసి రేడియోని బ్యాటరీ మీద నడిపాను. రొద తగ్గలేదు, కాబట్టి మూలం మా ఇంట్లో లేదు. చిన్న ట్రాన్సిస్టర్‌ని మీడియం వేవ్‌లో స్టేషన్ లేనిచోట పెట్టి మెట్లు దిగాను. మూడో అంతస్తులో కొత్తగా వేసిన ఎల్‌ఈడీ లైటు కింద జుయ్యిమని మోత. ట్రాన్సిస్టర్ లోపల యాంటెన్నాగా ఉండే ఫెర్రైట్ కడ్డీ కొన లైటు వైపు తిరిగితే మోత మాయం, అడ్డంగా తిప్పితే మళ్లీ మొదలు. దొంగ ఆ లైటు డ్రైవరే, అంటే ఎల్‌ఈడీకి తగ్గట్టు కరెంటు మార్చి ఇచ్చే సర్క్యూట్.

ఇదే అసోసియేషన్ మీటింగ్‌లో చెప్పాను. సెక్రటరీ నెల్లూరాయన, మనవాడే కదా అర్థం చేసుకుంటాడనుకున్నాను. "ఏంది బాబూ, ఫోన్లో పాటలు రావట్లేదా నీకు? నీ తీగ వల్ల మాకు తలనొప్పులు, మళ్లీ మా లైట్లకి వంకలా?" అన్నాడు. అందరూ నవ్వారు. నా భార్య పక్కనే ఉంది. ఆ రోజుల్లో నేను వినడమే తప్ప ప్రసారమే చేయలేదు. ఆ మాట చెబుతుంటే ఒకావిడ మధ్యలో అందుకుని, ఆ వైరు వల్లే పాపకి నిద్ర పట్టట్లేదంది. వారంలోగా తీగ తీసేయమని తీర్మానం రాసేశారు. అరగంట చదివితే తెలిసే విషయాన్ని చదవకుండా, పదిమంది కలిసి ఒకణ్ణి తప్పుపట్టడం చదువుకున్నవాళ్లు చేసే పనేనా?

భారత్ ఎలక్ట్రానిక్స్ (బీఈఎల్)లో రిటైరైన ఒక పెద్దాయన మాత్రం బయటికొచ్చాక, "ఆ రేడియో ఇలా ఇవ్వు నాయనా" అన్నారు. లైటు కింద నిలబడి రెండుసార్లు తిప్పి చూసి, తిన్నగా సెక్రటరీ ఇంటికెళ్లారు. నేను చెబితే నవ్విన మనిషే ఆయన చెబితే తలూపాడు. డ్రైవర్లకి డబ్బు నేనే పెట్టాను, మా ఎలక్ట్రీషియన్ నిన్న మార్చాడు. రాత్రికి ఇటలీ స్టేషన్ ఒకటి మైనస్ 19 డెసిబెల్స్ దగ్గర ఎఫ్‌టీ8 తెర మీదికొచ్చింది.

మీరూ పెద్దాయనలాంటి వాళ్లని ముందే వెతుక్కోండి, మీటింగ్‌కి ఒంటరిగా వెళ్లకండి. 40 మీటర్ల బ్యాండ్ మీద పగటిపూట ఇంకో రొద మిగిలింది. వెనక బిల్డింగ్ సోలార్ ఇన్వర్టర్ మీద అనుమానం. ఆదివారం వాళ్ల ఎలక్ట్రీషియన్ రమ్మన్నాడు.