చేపలకు సెలైన్

"ఏం నాయనా, చేపలకు గానీ జరమొచ్చిందా?" అని పోయిన వారం బీపీ మాత్రలకొచ్చిన ఒక అవ్వ అడిగింది. ఆమె తప్పేం లేదు. మందుల షాపు, కౌంటరు పక్కన రెండడుగుల అక్వేరియం, దాని పైన మేకుకు వేలాడే సెలైన్ సెట్టు, అందులోంచి ట్యాంకులోకి దిగిన సన్న పైపు. చూస్తే ఎవరైనా అదే అనుకుంటారు. "మొక్కలకు గ్యాస్ అవ్వా" అన్నా. "నీళ్లల్లో మొక్కలకు గ్యాసేందిరా" అని నవ్వుకుంటూ పోయింది.

మాది ప్రొద్దుటూరు. నీళ్లు బోరువి, బాగా కఠినం. కాచిన గిన్నె అడుగున తెల్లపొర కట్టడం ఇక్కడ ప్రతి ఇంట్లో ఉన్నదే. నా ట్యాంకులో వాలిస్నేరియా అనే నీటిమొక్క ఆకుల మీదా అదే పొర. కార్బన్ డయాక్సైడ్ చాలనప్పుడు కొన్ని మొక్కలు నీళ్లలోని బైకార్బనేట్ నుంచి లాక్కుంటాయి, ఆ క్రమంలో సున్నం ఆకుల మీద పేరుకుంటుంది. ఆకు గీకితే గోటికి గరగరమని తగిలేది. ఆ గ్యాస్ మనమే అందిద్దామంటే సిలిండరు, రెగ్యులేటరు కొనే ఖర్చు నా వల్ల కాదు. అందుకే చక్కెర, ఈస్టు. ఈస్టు చక్కెరను పులియబెట్టి అదే గ్యాస్ వదులుతుంది.

2 లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, 200 గ్రాముల చక్కెర, పావు చెంచా ఈస్టు, సీసాకు ముప్పావు వంతు గోరువెచ్చని నీళ్లు. ఇంతే. మామూలు నీళ్ల సీసా పనికిరాదు, పలచన, ఒత్తిడికి ఆగదు. సెలైన్ సెట్టులో చుక్కలు పడే గదిని తలకిందులుగా తిప్పి సగం నీళ్లు పోస్తే బుడగలు లెక్కపెట్టుకోవచ్చు. దాని పైపు పీవీసీ కాబట్టి ఇంకో లాభం ఉంది. సిలికాన్ పైపు గోడల్లోంచి ఈ గ్యాస్ కొంచెం కొంచెంగా బయటికి పోతూనే ఉంటుంది, పీవీసీలో ఆ బాధ తక్కువ. సెట్టుకు ఉండే తెల్ల చక్రాన్ని మాత్రం బిగించకూడదు. ఈస్టుకు ఆపడం తెలియదు, సీసా పేలుతుంది. సీసా చల్లబడితే ట్యాంకు నీళ్లు వెనక్కి లాగకుండా మధ్యలో నాన్ రిటర్న్ వాల్వు ఒకటి.

ఒకరోజు బేరం లేని మధ్యాహ్నం కూర్చుని లెక్క వేశా. 200 గ్రాముల చక్కెర పూర్తిగా పులిస్తే 100 గ్రాములకు పైగా కార్బన్ డయాక్సైడ్ రావాలి. అంటే 50 లీటర్లు దాటిన గ్యాస్. నా ట్యాంకులో నీళ్లు 50 లీటర్లు అనుకున్నా, లీటరుకు 30 మిల్లీగ్రాముల లెక్కన కరిగి ఉండాల్సింది ఒకటిన్నర గ్రాము! కరిగింది కరిగినట్టు పైనుంచి పోతూనే ఉంటుంది నిజమే. అయినా గ్యాస్‌కు కరువు లేదు. కరిగించడమే సమస్య.

మొదట ఎయిర్ స్టోన్, అంటే గాలి బుడగలు వదిలే రంధ్రాల రాయి, పెట్టా. శనగగింజలంత బుడగలు గబగబా పైకెళ్లి టప్ టప్ మని పగిలిపోయాయి. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

తర్వాత ఆన్‌లైన్‌లో గ్యాస్‌ను సన్న బుడగలుగా చేసే, పింగాణీ బిళ్ల ఉండే గాజు డిఫ్యూజర్ తెప్పించా. ఫొటోల్లో పొగమంచు లాంటి బుడగలు చూసి మోజుపడ్డా. మొదటి రోజు ఒక్క బుడగ రాలేదు. రెండో రోజూ లేదు. సీసా నొక్కి చూస్తే రాయిలా గట్టిగా ఉంది, బిళ్ల మాత్రం పొడిగా నవ్వుతోంది. ఆ సన్న రంధ్రాల్లోంచి గ్యాస్ దూరాలంటే మంచి ఒత్తిడి కావాలి. సిలిండరుకు అది లెక్కలోది కాదు. ఈస్టు సీసాలో ఒత్తిడి పుడుతుంది గానీ, అది బిళ్లను దాటేలోపే మనం మూతకు వేసిన జిగురు దగ్గర దారి వెతుక్కుంటుంది. మూత చుట్టూ సబ్బు నురగ రాసి చూశా, నాలుగు చోట్ల బుడగలు. మళ్లీ జిగురు పెట్టా, దండిగా. మూడో రోజు రాత్రి షాపు మూశాక ఆ జిగురు ఊడొచ్చింది.

పొద్దున షట్టరు తీస్తే కల్లు దుకాణం వాసన. కింది అర పొడవునా ఓఆర్ఎస్ డబ్బాల మీద తెల్లటి జిగట. రెండ్రోజులు ఫినాయిల్ పెట్టి కడిగినా పోలేదు. వచ్చినవాళ్లు ముక్కు ఎగబీల్చి నా మొహం చూసేవాళ్లు. మా ఆవిడకు ఈ సంగతి చెప్పలేదు, ఆమెకు వేరేవాళ్లు చెప్పారు.

మూడోది ఫిల్టరు. లోపలి ఫిల్టరు నీళ్లు పీల్చే చోట పైపు దూరిస్తే, తిరిగే రెక్క బుడగను తుక్కుతుక్కు చేసి నీళ్లలో కలిపేస్తుంది. కరిగించడంలో దీన్ని మించింది నేను చూడలేదు. ఎంత కరిగిందో చూడ్డానికి డ్రాప్ చెకర్ ఉంది, ట్యాంకులో వేలాడే చిన్న గాజు బుడ్డి, కరిగిన గ్యాస్‌ను బట్టి లోపలి ద్రావణం రంగు మారుతుంది. అందులో ట్యాంకు నీళ్లు పోయకూడదు, 4 డిగ్రీల కేహెచ్ (కార్బనేట్ కాఠిన్యం) ద్రావణం పోయాలి. లీటరు డిస్టిల్డ్ వాటరులో 1.2 గ్రాముల వంటసోడా కలిపి, అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి మళ్లీ లీటరు చేస్తే అదే వస్తుంది. 1.2 గ్రాములు ఎక్కడ తూచాలి? మా ఊర్లో దానికి కొదవా, పక్కనే బంగారం అంగడి. సేటు వంటసోడాను బంగారం త్రాసులో తూచి, "తరుగు తీయాల్నా?" అన్నాడు. పీహెచ్ కిట్‌లో ఉండే బ్రోమోథైమాల్ బ్లూ అనే రంగు మందు రెండు చుక్కలు వేశా. ఫిల్టరు పద్ధతిలో రెండు గంటలకే నీలం పోయి మంచి ఆకుపచ్చకు తిరిగింది. అంటే లీటరుకు 30 మిల్లీగ్రాముల దగ్గర.

కానీ కరెంటు పోయినప్పుడల్లా గ్యాస్ వెళ్లి రెక్క గదిలో నిండుతుంది. కరెంటు వచ్చాక మోటారు గుర్రుమంటుందే గానీ నీళ్లు తోడదు. పైగా ఏప్రిల్‌లో ఒక తెల్లవారి చూస్తే గప్పీ చేపలన్నీ పైన నోళ్లు తెరుచుకుని ఉన్నాయి, డ్రాప్ చెకర్ పసుపు, అంటే గ్యాస్ మరీ ఎక్కువైంది. రాత్రి వెలుతురు ఉండదు, మొక్కలు కూడా ఆక్సిజనే వాడుకుంటాయి, వేడి నీళ్లలో అది అసలే తక్కువ. ఈస్టేమో ఎండకు రెచ్చిపోయి ఉంది. డిసెంబరులో రెండు వారాలొచ్చే సీసా మేలో ఆరు రోజులకే అయిపోతుంది. ఆ ఆరు రోజుల్లో దాని జోరు అట్లుంటుంది మరి. సగం నీళ్లు మార్చి, ఎయిర్ పంపు పెడితే బతికాయి.

ఇప్పుడు వాడేది అరకిలో స్వీటు డబ్బా మూత. నవ్వకండి. ప్లాస్టిక్ మూతను నీళ్లలో బోర్లించి, సక్షన్ కప్పులతో గాజుకు అతికించి, కింది నుంచి పైపు పెట్టా. గ్యాస్ మూత కింద పలచని పొరగా నిలిచి, నీళ్లను తాకిన మేరా మెల్లగా కరుగుతుంది. మొదట చిన్న శాంపిల్ డబ్బా బోర్లించి దెబ్బతిన్నా. లోతు ఎంతున్నా దండగే, నీళ్లకు తగిలే వెడల్పు ముఖ్యం. ఫిల్టరు నీళ్లు దాని కింద నుంచి పారేలా తిప్పితే ఇంకా మేలు. ఒత్తిడి అక్కర్లేదు, కరెంటు పోయినా పనిచేస్తుంది. ఈస్టు ఎంత రెచ్చిపోయినా మూత నిండాక మిగతాది ఒక పెద్ద బుడగై బయటికి పోతుంది, చేపల మీద పడదు. నాకు నచ్చింది అదే.

లోటూ ఉంది. డ్రాప్ చెకర్ ఆకుపచ్చకు రాదు, నీలానికీ ఆకుపచ్చకూ మధ్యన ఆగుతుంది. వాలిస్నేరియా, హైగ్రోఫిలా, జావా ఫెర్న్ లాంటి నా మొక్కలకు అది చాలు. కొత్త ఆకుల మీద సున్నం గరగర లేదు. నేల మీద పచ్చిక పరవాలనుకునేవాళ్లకు చాలదు, వాళ్లు సిలిండరు కొనుక్కోవాల్సిందే. ఇంకోటి, నీళ్లలోని నైట్రోజన్, ఆక్సిజన్ మెల్లగా మూత కిందికి చేరి కరగకుండా కూర్చుంటాయి. అందుకని ఆదివారం ఆదివారం మూతను ఒకసారి పక్కకు వంచి ఖాళీ చేస్తా.

పింగాణీ బిళ్ల ఇంకా సొరుగులో ఉంది. నిమ్మ ఉప్పు, వంటసోడా రెండు సీసాల్లో పెట్టి చేసే పద్ధతిలో దానికి సరిపడా ఒత్తిడి వస్తుంది. మూతలకు జిగురు కాకుండా వాటి కోసమే చేసిన లోహపు మూతలు అమ్ముతున్నారు. తెప్పిస్తా గానీ, ఆ ప్రయోగం ఇంటి వరండాలో. షాపులో వద్దని మా ఆవిడ రాతపూర్వకంగా, అంటే బిల్లు పుస్తకం వెనక రాసి, సంతకం పెట్టించుకుంది.